ప్రళయ సూచనలు - తురుష్కులు - మనం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణముంది. మొన్న ఉప్పునుంతల నుంచి అచ్చంపేట పోయినప్పుడు, నేపాలు నుంచి బతుకుదెరువుకు వచ్చి బండి మీద నూడిల్స్ అమ్ముకునే ఒక అబ్బాయిని మన పిల్లలే "యాజూజ్ మాజూజ్ వచ్చిండు" అని ఎగతాళి చేయడం మా చెవులారా విన్నాం. ఇదేమిరా అంటే సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించారు. చిన్న కళ్లు, చప్పిడి ముక్కులు గలవారు వస్తారని హదీసులో ఉందట, వాళ్లు వీళ్లేనట, ఖియామత్ వాకిట్లోకి వచ్చిందట! అందులో ఒకడు "ఇంక చదివి ఏం లాభం?" అన్నాడు. ఆ మాటకు మాకు భయమేసింది.

హదీసు ఉన్నమాట నిజమే. చిన్న కళ్లు, డాళ్లవంటి ఎర్రని ముఖాలు గల తుర్కులతో ముస్లిములు పోరాడనిదే ప్రళయం రాదని దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. యాజూజ్ మాజూజ్ సంగతి వేరు. అది దివ్య ఖుర్‌ఆన్‌లోని కహఫ్, అంబియా సూరాలలో వస్తుంది. ఈ రెంటినీ కలగలిపి ఒక జాతికి అంటగట్టడమే మొదటి పొరపాటు.

ఈ హదీసును గురించి మన పూర్వీకులు ఏమనుకున్నారో చూద్దాం. 13వ శతాబ్దంలో మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి చెంగిజ్‌ఖాన్ సేనలు విరుచుకుపడ్డాయి. చరిత్రకారుడు ఇబ్నె అసీర్ ఆ ఘోరాన్ని గురించి రాయడానికి ఏళ్ల తరబడి చెయ్యాడలేదని తానే చెప్పుకున్నాడు. 1258లో హులాగూ బాగ్దాదును నేలమట్టం చేసి ఖలీఫా ముస్తాసిమ్‌ను చంపించాడు. ఆ కాలంలోనే జీవించి 1277లో మరణించిన ఇమాం నవవీ, ఆ లక్షణాలన్నీ గల తుర్కులను తమ కాలం వారే చూశారని, వారితో యుద్ధాలు కూడా జరిగాయని తన వ్యాఖ్యానంలో రాశారు. అంటే ఆ జోస్యం జరిగిపోయిందనే ఆ మహనీయుని అభిప్రాయం. అది జరిగి ఏడు వందల ఏళ్లు దాటింది. లోకం ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. 1260లో ఐన్ జాలూత్ దగ్గర మంగోలులను ఓడించిన సైన్యంలో ముందుండి పోరాడిన బైబర్స్ ఎవరు? అదే గడ్డి మైదానాల్లో పుట్టి, చిన్న వయసులో బానిసగా అమ్ముడుపోయిన కిప్చాక్ తుర్కు! హులాగూ పెదతండ్రి కొడుకు బెర్కెఖాన్ ఇస్లాం స్వీకరించి హులాగూ మీదనే కత్తి దూశాడు. హులాగూ ముని మనవడు గాజాన్‌ఖాన్ 1295లో కలిమా చదివాడు. బాగ్దాదు కూలిన 37 ఏళ్లకే కూల్చినవాని ఇంట్లో అజాన్ వినిపించింది. ముఖం చూసి శత్రువని తీర్పు చెప్పినవారు ఈ సంగతి ముందుగా ఊహించగలిగేవారా?

యాజూజ్ మాజూజ్ సంగతీ అంతే. 9వ శతాబ్దంలో ఖలీఫా వాసిఖ్ ఆ గోడను వెతికి రమ్మని సల్లాం అనే దుబాసీని పంపాడు. మన కాలంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్, జుల్‌ఖర్‌నైన్ అంటే పారశీక చక్రవర్తి సైరస్ అని, యాజూజ్ మాజూజ్ ఉత్తరాది సంచార జాతులని వివరించారు. ఇవన్నీ పండితుల అభిప్రాయాలు. అభిప్రాయాన్ని అభిప్రాయంగానే ఉంచాలి, దాన్ని అఖీదా చేయకూడదు.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు తెలుగువారికీ అది కలికాలంలాగే తోచింది. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగా తురుష్కులనే చీకటి కమ్మిందని ప్రోలయ నాయకుని విలస శాసనం భావం. ఆ 'తురుష్క' శబ్దమే నలిగి 'తురక' అయింది. ఈ ఊళ్లో తాతముత్తాతల నుంచి నాగలి పట్టినవాళ్లం, దూది ఏకినవాళ్లం, ఎన్నడూ తుర్కు దేశం చూడనివాళ్లం మనం. అయినా మన పేరు తురకలే! ప్రళయ హదీసులో శత్రువుకున్న పేరును పొరుగువారు మనకే పెట్టారు. ఆ పేరుతో ఎవరైనా ఈసడిస్తే మన మనసు ఎంత చివుక్కుమంటుందో మనకు తెలుసు. మరి ఆ నేపాలీ అబ్బాయి మనసు చివుక్కుమనదా?

వీరబ్రహ్మంగారి కాలజ్ఞానానికి కూడా ఏటా కొత్త అర్థాలు చెప్పేవాళ్లున్నారు. ఆ వీరబ్రహ్మంగారి ప్రియ శిష్యుడు మన దూదేకుల సిద్దయ్య అని మరవకండి. గురువు దగ్గర సిద్దయ్య జాతి అడ్డం రాలేదు.

ప్రళయ ఘడియ ఎరుక అల్లాహ్‌కు మాత్రమే ఉన్నదని ఖుర్‌ఆన్ స్పష్టంగా చెబుతోంది. ప్రళయం ఎప్పుడని అడిగిన మనిషిని, దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ప్రవక్త (స) తిరిగి అడిగారు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం ముంచుకొచ్చినా వీలైతే ఆ మొక్క నాటమన్నారు. చదివి ఏం లాభమన్న పిల్లవాడికి ఇంతకన్నా మంచి జవాబు మా దగ్గర లేదు. నాయనా, నీ చదువే నీ చేతిలోని మొక్క. నాటు!

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఫోనులో వచ్చిన ప్రతి మాటనూ దీన్ అనుకోనివ్వకండి. తెలిసిన ఆలిమును అడగమనండి. ఆ పిల్లలను వెంటబెట్టుకొని మేము మళ్లీ అచ్చంపేట పోయాం. వాళ్లు ఆ అబ్బాయికి సలాం చేసి తప్పయిందన్నారు. అతను నవ్వి తలా ఒక ప్లేటు పెట్టాడు, డబ్బులు తీసుకోనంటే బలవంతాన ఇచ్చి వచ్చాం.

అల్లాహ్ మనకు సద్బుద్ధిని, సత్కార్యాలు చేసే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.