సూదిమందా, నోటిమందా? సోరియాసిస్ చికిత్సను గూర్చి
(బెంగుళూరు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. అయినను మన కుటుంబములలో సోరియాసిస్‌ను దాచుటవలన కలుగుచున్న కష్టములను చూచి, తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాను. ఇది గజ్జి కాదు, తామర కాదు, కుష్ఠు అంతకన్న కాదు; అంటువ్యాధియే కాదు. దేహమును కాపాడవలసిన శక్తియే దారితప్పి చర్మకణములను అతివేగముగ పుట్టించుటచే పొలుసులు కట్టును. ఇట్టివారికి కంచము వేరుచేయుట, పెండ్లి సంబంధము తప్పించుట వట్టి అజ్ఞానము.

పైపూతలకు, కాంతి చికిత్సకు లొంగనప్పుడు లోపలి మందు కావలెను. మాత్రలలో పాతది మెథోట్రెక్సేట్. భీమవరమున జన్మించి, మదరాసులో వైద్యము చదివి, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నాయకత్వము వహించిన లెడర్లీ ప్రయోగశాలలో 1940ల దశకమున ఈ జాతి మందులు రూపొందినవి. ఇందులోనిదే యగు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతమునకు వాడగా సోరియాసిస్ తగ్గుట 1951లో వెల్లడియైనది.

ఇది చౌక మందు, కీళ్లకును పనిచేయును. కాని వారమునకు ఒక్క దినమే తీసికొనవలెను. ప్రతిదినము మ్రింగినచో రక్తకణములు పడిపోయి ప్రాణము మీదికి వచ్చును. మన ఇండ్లలో కొందరు పెద్దలకు తెలుగు తప్ప చదువరాదు, పిల్లలు చదువునది కన్నడము, వైద్యుని చీటి ఇంగ్లీషున నుండును. ఈ మూటి నడుమ ‘వారమునకొకమారు’ అను మాట జారిపోవుట ఎంత సులభము! ఏ వారమో దాని పేరును చీటిపై తెలుగులో వ్రాయించుకొనుడు. మద్యము మానవలెను; రక్తమును, కాలేయమును పరీక్షింపించుకొనుచుండవలెను; గర్భిణులకిది నిషిద్ధము.

అసిట్రెటిన్ వాడిన స్త్రీ, మానిన పిదప మూడేండ్లు గర్భము ధరింపరాదు. సైక్లోస్పోరిన్ త్వరగా గుణమిచ్చును గాని మూత్రపిండములను బాధించును. 2014లో అమెరికాలో అనుమతి పొందిన అప్రెమిలాస్ట్‌కు రక్తపరీక్షల బెడద తక్కువ, బలమును మితమే.

ఇక సూదులు. బయొలాజిక్ మందులు జీవకణములలో తయారుచేసిన ప్రోటీనులు. మ్రింగినచో కడుపులో జీర్ణమైపోవును గనుక సూదిగా నిత్తురు. బలము మందులోనిదే గాని సూదిలోనిది కాదు. మెథోట్రెక్సేట్ సైతము సూదిగా దొరకును. మాత్రలతో వికారము పడువారికది ఉపయోగించును. 2008లో ప్రచురితమైన పరీక్షలో, 16 వారములకు వ్యాధి ముప్పాతికవంతు తగ్గినవారు అడాలిముమాబ్ సూదితో నూటికి సుమారు 80 మంది, మెథోట్రెక్సేట్ మాత్రలతో సుమారు 36 మంది, ఉత్తుత్తి మాత్రలతో 19 మంది. తేడా చిన్నది కాదు. ధరలో తేడా అంతకన్న పెద్దది. మన బెంగుళూరు బయోకాన్ వారు 2013లో ఇటోలిజుమాబ్‌ను, అహమ్మదాబాదు జైడస్ వారు 2014లో స్వదేశీ అడాలిముమాబ్‌ను తెచ్చిరి.

ఈ సూదులకు ముందు క్షయ పరీక్ష తప్పదు. దాగియున్న క్షయ మేల్కొనవచ్చును. సామాన్య గృహస్థుడు మొదట మాత్రలు వాడి, గుణమీయనిచో సూదికి పోవుట నాకు ఉచితముగ తోచుచున్నది. కాలేయము చెడినవారికి మాత్రమీ వరుస పనికిరాదు.

వీధి వైద్యులు ‘ఒక్క సూదితో మాయము’ అని పొడుచునది తరచు స్టెరాయిడే. పది దినములు చర్మము మెరిసి, ఆ పిమ్మట చీముపొక్కులతో వ్యాధి తిరుగబడవచ్చును. అట్టి సూది వేయించుకొన్నవారు దానిని దాచక చర్మవైద్యునికి చెప్పవలెను. చీటీలు తెలుగులో వ్రాయించుకొనగోరువారు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు తెచ్చిన, మన యువకులు వ్రాసి పెట్టెదరు.