ఏ పాఠకుడికీ ఒక్క గడి చాలదు



రాజవొమ్మంగిలో మాస్టారి పేరిట జరుగుతున్న స్మారకోపన్యాసం ఇది. మాస్టారి క్రమశిక్షణ గురించీ పాఠం చెప్పే తీరు గురించీ నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది వేరే. పుస్తకం ఇచ్చేముందు ఆయన చేతులు చూపించమనేవారు. చేతులు తడిగా ఉంటే భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చేవారు. చింతపండు ఒలిచి వచ్చిన ఆడవాళ్లను వెనక్కి పంపకుండా, దొడ్లో నీళ్లు చూపించి, చేతులు కడుక్కుని వచ్చేదాకా పుస్తకం పట్టుకుని గుమ్మంలోనే నిలబడేవారు. పుస్తకమంటే ఎంత మర్యాదో మనిషంటే అంత మర్యాద ఉన్నవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. అందులో ఎర్రసిరాతో గళ్లు గీసి, ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో రాసుకునేవారు. రైతులకు ఒక గడి, స్త్రీలకు ఒకటి, విద్యార్థులకు ఒకటి, గిరిజనులకు ఒకటి. ఆ చివరి గడి దగ్గరే నాకూ ఆయనకూ తగువు. ఆయన ఉన్నన్నాళ్లూ అది తెగలేదు. ఈ వేదిక మీద దాన్ని మళ్లీ ఎత్తుకోవడం మర్యాద కాదని కొందరు మిత్రులు అన్నారు. నా ఉద్దేశంలో మాస్టారికి ఇంతకంటే మర్యాద లేదు. ఎందుకంటే ఆ గళ్లు ఆయనొక్కరివే కావు. ఈ రోజుకీ బడుల్లో, సంక్షేమ హాస్టళ్లలో, ప్రభుత్వం పుస్తకాలు కొనే జాబితాల్లో అవే నడుస్తున్నాయి.

గ్రంథాలయోద్యమ చరిత్ర మళ్లీ చెప్పను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టడం, అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి, 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం, 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో నడిపిన పడవ గ్రంథాలయం, 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. తాటాకిళ్లూ రేకుల ఇళ్లూ ఉన్న పంచాయతీల్లో ఇంటిపన్నే అంతంతమాత్రం. కనుక కొండమీది అలమర నిండడం ఎప్పుడూ మైదానం దయ మీద ఆధారపడే ఉంటుంది. ఆ అన్యాయం మీద వేరే సభలో మాట్లాడుకోవాలి. ఇవాళ నా ప్రశ్న, ఆ కాస్త డబ్బుతో ఏం కొంటున్నామని.

గిరిజనుల గడిలో ఏముంటాయి? అల్లూరి సీతారామరాజు జీవితచరిత్రలు, పారిశుద్ధ్యం మీద కరపత్రాలు, పెద్ద అక్షరాల్లో పల్చటి నీతికథలు. ఇక్కడివాళ్లకు ఇవి చాలు, ఇవే అర్థమవుతాయి అన్నది దాని వెనకున్న నమ్మకం. ఆ గడి వద్దన్నప్పుడు వచ్చే మొదటి ఆక్షేపణకు పండితులు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారిని సాక్ష్యం తెస్తారు. 1931లో అచ్చయిన ఆయన పంచసూత్రాల్లో రెండోది, ప్రతి పాఠకుడికీ అతనికి తగిన పుస్తకం అందాలంటుంది. చూశారా, తగిన పుస్తకం అన్నారు కదా, మేం చేస్తున్నది అదే కదా అంటారు.

వారు రెండో సూత్రం దగ్గరే పుస్తకం మూసేశారు. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. ఏ పుస్తకం ఎవరి దగ్గరికి చేరుతుందో ముందే తెలిస్తే ఆ సూత్రంతో పనే లేదు. ఆ సూత్రం కిందే రంగనాథన్ గారు తెరిచిన అలమరల కోసం గట్టిగా వాదించారు. పాఠకుడు తన చేత్తో పుస్తకాలు తిరగేసి, తనకు అవసరమని అప్పటిదాకా తెలియని పుస్తకాన్ని కనుక్కోవాలన్నది ఆయన పట్టుదల. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యత తీసుకుని, లండన్‌లో చదువుకుని వచ్చి, ఆయన అమలు చేసిన పద్ధతి అది. ఆయన పేరు చెప్పి గడులు గీయడం, గడులు గీసి బీరువాకు తాళం వేయడం, రెండూ ఆయనకు ఎదురు నడవడమే.

రెండో ఆక్షేపణ భాషది. ఇది బరువైన ఆక్షేపణ, కనుక నిదానంగా జవాబు చెప్పాలి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లవాడికి ముందు ఇంటిభాషలోనే అక్షరం అందాలి. ఇందులో నాకు ఎవరితోనూ పేచీ లేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో కొండ లేదా కూబి అనే భాష మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. కొండదొరల్లో కొందరు మాట్లాడే ఆ భాషకు వ్యాకరణమూ పదకోశమూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2000 దశకం మొదట్లో, మన రాష్ట్రం ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారుచేసింది: గోండీ, కోయ, కోలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. మంచి పని. అయితే ఆ వాచకాలు చదివిన పిల్లవాడు పైతరగతికి వచ్చాక అతని చేతికి ఏమొస్తోంది? మళ్లీ అదే పల్చటి నీతికథ. ఇంటిభాషలో మొదలుపెట్టడం అతన్ని ఎక్కడికైనా తీసుకెళ్లడానికి. మెట్టు కట్టి, దాని మీదే కూర్చోమనడానికి కాదు. పైగా ఈ మండలంలో కొండరెడ్లూ, కొండదొరల్లో చాలామందీ మాట్లాడేది తెలుగే. యాస వేరు కావచ్చు. యాస వేరైనంత మాత్రాన పెద్ద నవల అర్థం కాదనడానికి ఏ ఆధారమూ లేదు.

మూడో ఆక్షేపణ, కొత్తగా చదువు నేర్చినవారికి వారి సమస్యల మీదే పుస్తకాలు ఇవ్వాలన్నది. దీనికి అందరూ దూబగుంటను చూపిస్తారు. నేనూ దూబగుంటనే చూపిస్తాను. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. ఆ రాత్రిబడుల వాచకంలో సీతమ్మ అనే ఆడమనిషి కథ ఒకటి వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు అది చదివి ఊళ్లో సారా అంగడిని మూయించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినబడింది. ఉద్యమం జిల్లా దాటింది, 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఇదంతా నిజం. అయితే ఆ ఆడవాళ్లను కదిలించినది ఏమిటో చూడండి. మద్యపానం వల్ల కలిగే నష్టాల పట్టిక కాదు. ఒక మనిషి, ఆమె బతుకు. కథ అది. నష్టాల పట్టిక గోడల మీద అంతకుముందు నుంచీ ఉంది, దానివల్ల ఏ అంగడీ మూతపడలేదు. కనుక దూబగుంట నుంచి నేర్చుకోవలసింది, కొత్త పాఠకురాలికి కూడా నిండు కథ కావాలని.

నిండు కథ అందరికీ ఒకేసారి అందగలదనడానికి మన తెలుగువాళ్ల దగ్గర అరవయ్యేళ్లు దాటిన సాక్ష్యం ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు స్థాపించిన ఆ పత్రికను కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో పోయేదాకా నడిపించారు. అందులో వాక్యం చిన్నది, పల్చనిది మాత్రం కాదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, రాకాసిలోయ ధారావాహికల కోసం పిల్లలూ తాతలూ ఒకే ఇంట్లో పోటీపడ్డారు. ఆ పత్రికను పట్టుకునేముందు ఇది ఫలానా స్థాయివారికి అని ఎవరూ చూసుకోలేదు. మాస్టారు కూడా చందమామ చదివేవారు. ఆయన నోటుబుక్కులో మాత్రం అది విద్యార్థుల గడిలోనే ఉండేది.

ఇక నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. ఇక్కడికి దగ్గర్లోనే ఒక కొండరెడ్ల ఊళ్లో, ఇంటర్ చదివే కుర్రవాడు తాతకు కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చదివి వినిపిస్తున్నాడు. తప్పిపోయిన చూలుపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలో ఒక్క రాత్రి గడిపిన కథ అది. తాతకు అక్షరం రాదు. వాసం కర్ర చెక్కుకుంటూ వింటున్నాడు. ఈనిన పంది పెంచినవాణ్ణి కూడా దగ్గరికి రానివ్వదన్న చోట కత్తి ఆపాడు. “అది నిజఁవే రా, ఈయన చూసే రాశాడు” అన్నాడు. ఇంకొన్ని పేజీలు గడిచాక తల అడ్డంగా ఊపాడు. “గాలివాటం చూసుకోకుండా అంత దగ్గరికి పోతాడా? మళ్లీ చదువు” అన్నాడు. కుర్రవాడు ఆ పేరా మళ్లీ చదివాడు. తాత ఒప్పుకోలేదు. ఆ ఒప్పుకోకపోవడం విమర్శ. ఆ నవల మీద పత్రికల్లో వచ్చిన సమీక్షల్లో అంతటి అధికారంతో మాట్లాడినవి నేను చదవలేదు. గిరిజనుల గడిలో ఆ నవల లేదు.

ఇంకొకరు ఒక ఆశా కార్యకర్త. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘వైద్యుడు లేనిచోట’ తీసుకెళ్లి నెలల తరబడి తిరిగి ఇవ్వలేదు. చివరికి తెచ్చినప్పుడు పాముకాటు దగ్గరా, కాన్పు దగ్గరా పేజీలు నలిగి పసుపు మరకలు అంటి ఉన్నాయి. ఆ పుస్తకం ఆమెకు పనికొచ్చింది. ఈసారి ఏం కావాలమ్మా అని అడిగితే, “యద్దనపూడి గారి నవల ఏదైనా ఇవ్వండి, పెద్దది” అంది. పక్కనున్న ఒక ఉద్యోగి, ఆమెకు పోషకాహారం మీద పుస్తకం ఇస్తే బాగుంటుందన్నాడు. రోజంతా పోషకాహారం గురించి ఊరూరా చెప్పి వచ్చిన మనిషి, రాత్రికి కూడా అదే చదవాలా?

నా వాదం ఇక్కడ ఉంది. పాఠకుల మధ్య పుస్తకాలు పంచిపెట్టి, అలమరలో అన్నీ ఉన్నాయి కదా అని తృప్తిపడుతున్నాం. ఆ కలగలుపు ఒక్కొక్క మనిషి చేతిలోకీ రావాలి. పోడు చేసే రైతుకు 2006 అటవీ హక్కుల చట్టమూ 1/70 రెగ్యులేషనూ తెలుగులో ఇవ్వండి. తప్పకుండా ఇవ్వండి, అవి అతని భూమికి సంబంధించినవి. వాటితోపాటే బిభూతిభూషణ్ ‘వనవాసి’ ఇవ్వండి. అడవిని కౌలుకిచ్చే ఉద్యోగానికి వచ్చి, అదే అడవి మీద మనసు పారేసుకున్న పట్నవాసి కథ అది. చట్టం చదివిన రైతు ఆ ఉద్యోగి మనసులోకి కూడా తొంగిచూడనీ. కానిస్టేబుల్ పరీక్షకూ డీఎస్సీకీ చదివే పిల్లలను చిన్నచూపు చూడొద్దు. గ్రంథాలయానికి రోజూ వచ్చేది వాళ్లే. వాళ్ల పోటీ పరీక్షల పుస్తకాల పక్కనే సహవాసి గారు తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ పెట్టండి. తన పేరు తనదిగానే నిలుపుకోవాలని పట్టుబట్టిన కుంటా కింటే కథ ఈ కొండల్లో పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఉపాధ్యాయులకు ‘రైలుబడి’ ఇవ్వండి, దానితో ఒక డిటెక్టివ్ నవల కూడా ఇవ్వండి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదివి పాడైపోయిన ఉపాధ్యాయుణ్ణి నేనెరగను. చదవడం మానేసి పాడైనవారిని ఎరుగుదును. డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు పొదుపు మీద పుస్తకంతోపాటు రంగనాయకమ్మ గారి ‘జానకి విముక్తి’, ఓల్గా గారి ‘స్వేచ్ఛ’ కూడా వెళ్లాలి. చదివి వాళ్లు పోట్లాడుకుంటే ఇంకా మంచిది.

అల్లూరి పుస్తకాలు వద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న ఈ రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి దళం దాడి చేసింది. ఈ ఊరి పోలీసు స్టేషన్లో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. ఆ చరిత్ర ఈ ఊరి సొత్తు. సొత్తు కనుకే పొగడ్తల పుస్తకాలతో సరిపెట్టుకోకూడదు. ఆ తిరుగుబాటుకు నలభై ఏళ్ల ముందే, 1879లో, రంపలో ముఠాదారులు తిరగబడ్డారు. కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, మైదానం వ్యాపారుల అప్పులు దానికి కారణాలు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో గూడెం, రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 దాకా ఒకే వరుసలో పెట్టి వ్యాసం రాశారు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. తమ తాతముత్తాతల గురించి బయటివాళ్లు రాసింది కొండరెడ్ల పిల్లలు చదవాలి. పంది కథ విన్న తాత లాగే ఇది ఒప్పు, ఇది తప్పు అని చెప్పాలి.

అందుకే ప్రస్తుతం నేనొక పని మీద ఉన్నాను, మీ సాయం కావాలి. ఈ మండలానికి ఒక పుస్తకాల జాబితా తయారుచేస్తున్నాను. అందులో పాఠకుల గడులు ఉండవు. ప్రతి పుస్తకం వెనక అట్టకు ఒక కాగితం అతికిస్తాం. చదివినవారు ఎక్కడిదాకా చదివారో, ఎందుకు ఆపారో, తర్వాత ఏం కావాలో రెండు వాక్యాల్లో రాయాలి. రాయడం రానివారు చెబితే పిల్లలు రాస్తారు. గ్రంథాలయ రిజిస్టరులో పుస్తకం వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో ఎక్కడా ఉండదు. జాబితా పుట్టవలసింది ఆ మధ్యలోంచే. మాస్టారి నోటుబుక్కు వారి కుటుంబం నాకు ఇచ్చింది. అందులోని పుస్తకాల పేర్లన్నీ జాబితాలోకి తీసుకుంటున్నాను, ఎర్రగీతలు వదిలేస్తున్నాను.

ఈ సభకు వచ్చిన ప్రతివారినీ అడుగుతున్నాను. మీరు ఆసాంతం చదివిన ఒక పుస్తకం తెచ్చి ఇవ్వండి. పాతదైనా, అట్ట చిరిగినా ఫరవాలేదు. ఇది గిరిజనులకు అర్థమవుతుందా అని ఆలోచించి ఎంచవద్దు. మీకు నచ్చినదే ఇవ్వండి, ఎందుకు నచ్చిందో లోపల రాసి ఇవ్వండి. ఉపాధ్యాయ మిత్రులారా, మీ బళ్లో పుస్తకాల బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో రేపు ఉదయం కనుక్కుని ఆ తలుపులు తెరవండి.