చిన్న విమానమునకు టైర్లు, ట్యూబులు



నేటి ప్రసంగ విషయము విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. "పల్లెటూరి పంతులుకు విమానపు చక్రములతో నేమి పని?" యని యడుగవచ్చును. చిరకాలము బాలురకు శబ్దములును, ఎక్కములును చెప్పిన నాకు విమానము లేదు; మీకును లేదు. కాని నా పూర్వశిష్యుడొకడు వైమానిక శిక్షణశాలలో మరమ్మతు పనికి పెద్దగా నున్నాడు. వాడు చూపిన పనియు, చదువుమని యిచ్చిన పుస్తకములును నన్ను కొంత యాలోచింపజేసినవి. ఆకాశమున నెగురు యంత్రమునకు గూడ నేలమీది చక్రమే మొదలు, చక్రమే తుద. చక్రము మంచిచెడ్డలు బండి తోలిన మీకు తెలిసినట్లు పట్టణవాసులకు తెలియవు. కావున ఈ మాటలు మీకు జెప్పుటయే యుక్తమని తలచితిని.

దశరథుని రథమునకు కడచీల యూడిపోగా, కైకేయి తన వ్రేలు దూర్చి రథమును నిలిపెనని మన పెద్దలు చెప్పుకొను కథ కలదు. అంత రథములో కడచీల యెంత? కాని యది లేనినాడు రథమే లేదు. విమానమునకు టైరును, ట్యూబును అట్టివి.

గాలి నింపిన చక్రము పుట్టిన విధము ముందుగా మనవి చేసెదను. 1845లో థామ్సన్ అను స్కాట్లండు దేశీయుడు దీనికి మొదట పేటెంటు పొందెను గాని, అది వాడుకకు రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపునకు గురికాకుండుటకై రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు దొడిగెను. నేటి సైకిలు మొదలు విమానము వరకు గల టైర్లన్నియు ఆ దారిని వచ్చినవే. 1903లో రైటు సోదరులు నడిపిన విమానమునకు మాత్రము చక్రములు లేవు. అది కొయ్యబద్దలపై దిగినది.

మోటారు టైరు పని వేరు, విమానపు టైరు పని వేరు. మోటారు టైరు దినమంతయు దొరలుచు మితమైన బరువు మోయును. విమానపు టైరు కొద్ది నిమిషములే పని చేయును. కాని యా కొద్దిసేపును ప్రాణము మీదికి వచ్చునట్టి పని. గాలిలో కదలక యున్న చక్రము, నేల తాకిన క్షణముననే విమానవేగము నందుకొని తిరుగవలెను. అప్పుడు కనబడు పొగ రబ్బరు ఒరపిడిది. బరువు పడినప్పుడు అది తన యెత్తులో మూడవ వంతు వరకు నణగును. మోటారు టైరు అంతగా నణగదు. కావున కొలత సరిపోయినదని మోటారు టైరును విమానమునకు దొడుగుట తగదు.

ఇక నెంపిక సంగతి. సెస్నా 172 అను చిన్న విమానమును ఉదాహరణముగా దీసికొందము. 1956 మొదలు ఇప్పటివరకు 44,000కు మించి తయారైనవి. పెక్కు శిక్షణశాలలలో నున్నవి. దానిలో ‘ఎన్’ అను రకమునకు ప్రక్కచక్రముల టైర్ల కొలత 6.00-6, ముక్కుచక్రపు టైరు కొలత 5.00-5. మొదటి యంకె టైరు లావు, రెండవది అది కూర్చుండు చక్రపు అడ్డుకొలత, రెండును అంగుళములలో. తరువాత ‘ప్లై’ అను సంఖ్య యుండును. ఇది పూర్వము లోపలి గుడ్డపొరల లెక్క. ఇప్పుడు బలమును దెలుపు గుర్తు మాత్రమే. 6.00-6 కొలతలో నాలుగు ప్లైల టైరు 1,150 పౌనులును, ఆరు ప్లైలది 1,750 పౌనులును మోయగలదు. ప్లై సంఖ్య యెక్కువైన మంచిదే గదా యని యందురు. అది మొండిగా నుండును, బరువును వెలయు హెచ్చు. తయారుచేసినవారి పుస్తకములో నెంత చెప్పిరో అంత తీసికొనుటయే ధర్మము. అంతకు తక్కువ మాత్రము ఎన్నడును పనికిరాదు. గరుకు నేలపై దిగువారు వెడల్పు టైర్లు కోరుదురు. దానికి గూడ ప్రభుత్వ విమానయాన శాఖ యనుమతి వలయును.

టైరు పైని చుట్టును సాగిన గాళ్లు అలంకారమునకు గావు, వాననీటిని వెడలగొట్టుటకు. నీరు నిలిచిన బాటపై నొకానొక వేగమున టైరు నేలను వదలి నీటిపై తేలును. అప్పుడు బ్రేకు పట్టదు. ఆ వేగమునకు చక్కని లెక్క కలదు. గాలి యొత్తిడిని చదరపు అంగుళమునకిన్ని పౌనులని కొలిచి, దాని వర్గమూలమును తొమ్మిదిచే గుణింపవలెను. వచ్చినది గంటకు సముద్రపు మైళ్లు. ఒత్తిడి 36 అయిన వర్గమూలము 6, వేగము 54. ఒత్తిడి 25 అయిన వర్గమూలము 5, వేగము 45. అనగా గాలి తగ్గినకొలది టైరు మరింత తక్కువ వేగముననే జారును. గాళ్లు ఒక్కచోటనైనను అడుగంటినచో టైరు మార్చవలెను. లోపలి దారములు కనబడినచో చెప్పవలసిన పనియే లేదు.

ట్యూబులు రెండు విధములు: సహజమైన రబ్బరుతో జేసినవి, బ్యూటైలు అను కృత్రిమ రబ్బరుతో జేసినవి. బ్యూటైలు గాలిని చాల కాలము నిలుపును. సహజ రబ్బరు గాలిని త్వరగా వదలును గాని, గడ్డకట్టు చలిలో మెత్తదనము విడువదు. మన యెండదేశమున బ్యూటైలే మేలని నా శిష్యుని మతము. వాల్వు సూటిదో వంపుదో చక్రమును బట్టి చూచుకొనవలెను. ముఖ్యమైన మాట యొకటి: క్రొత్త టైరులో ప్రాత ట్యూబు పెట్టరాదు. వాడిన ట్యూబు సాగి, నాల్గవ వంతు వరకు పెద్దదగును. క్రొత్త టైరులో మడత పడి, ఆ మడతయే చిరుగును. ట్యూబు వెల మిగుల్చుకొనబోయి టైరును, విమానమును పోగొట్టుకొనుట వివేకము గాదు.

బిగించుటలోను శ్రద్ధ వలయును. విమానపు చక్రము రెండు చిప్పలుగా నుండి బోల్టులతో బిగింపబడును. గాలి పూర్తిగా తీయక బోల్టు విప్పినచో చిప్ప ఎగిరి మనుష్యుని చంపగలదు. ట్యూబునకు టాల్కు పొడి రాచి, టైరులోపల అంటించిన చీట్లు తీసివేసి, టైరుపైని ఎఱ్ఱచుక్కకు ట్యూబుమీది బరువు గుర్తును సరిపెట్టవలెను; గుర్తు లేనిచో వాల్వును సరిపెట్టవలెను. గాలి నింపి, తీసి, మరల నింపినచో మడతలు సర్దుకొనును. క్రొత్త టైరులోని నైలాను దారములు మొదటి దినమున సాగును గనుక ఒత్తిడి తగ్గును. కావున ఒక దినమాగి మరల కొలిచి నింపవలెను. కొలత టైరు చల్లగా నున్నప్పుడు, కొలమానముతోనే చేయవలెను. కాలితో తన్ని చూచుట కొలత గాదు.

ఇంత పట్టింపు ఏల యందురా? 1991 జూలై 11వ తేదీన అరేబియాలోని జెడ్డా నగరమునుండి, హజ్ యాత్ర ముగించిన నైజీరియా భక్తులతో పెద్ద విమానమొకటి బయలుదేరెను. టైర్లలో గాలి తక్కువగా నున్నదని పనివారికి ముందే తెలియును. నింపుటకు వాయువు వెంటనే దొరకలేదు. ఆలస్యమగునని పైవారు అట్లే బయలుదేర నిశ్చయించిరి. గాలి తగ్గిన టైరు మోయవలసిన బరువు ప్రక్కటైరుపై బడెను. అది నేలమీది దూరపు నడకలో వేడెక్కి, పరుగు మొదలిడిన కొలదికాలమునకే పగిలెను, రెండవదియు పగిలెను. ఒరపిడికి నిప్పు పుట్టెను. ఆ నిప్పుతోనే చక్రములు విమానగర్భములోనికి ముడుచుకొనినవి. లోనున్న 261 మందియు మృతినొందిరి.

అది పెద్ద విమానము. నేను చెప్పుచున్నది చిన్నది. అయినను న్యాయ మొక్కటియే. అచ్చట తెలిసినవాడు లేకపోలేదు. తెలిసినవాని మాటను ఆపు చేయగల పెద్ద వినలేదు. ఈ సంగతి యింటికిని, ఊరికిని పెద్దలైన మీకు విన్నవించుటకే నేనింత దూరము వచ్చితిని. మీ యూరి పిల్లలను బడికి గొనిపోవు బస్సునకును, ధాన్యము దోలు ట్రాక్టరు తొట్టికిని, రబ్బరు చక్రముల బండికిని ఇదే నియమము. టైరు అరిగినదని పనివాడు చెప్పిన దినమున, "ఈ ఒక్కసారికి పోనిమ్ము" అనకుడు. బండి నాపుడు, వాడు చెప్పినచోట వంగి మీ కన్నులతో చూడుడు, వెలకు వెనుదీయక క్రొత్తది కొనిపెట్టుడు.