ఇల్లు ఊడ్చిన చెత్త ఎవరి ముంగిట పడుతోంది?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, ఉపకార వేతనాల గురించి పెద్దలు చక్కగా మాట్లాడారు. మేము చెత్త గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము. నవ్వుకోకండి. వజూ చేయనిదే నమాజుకు నిలబడని మనం, మన గుమ్మం దాటిన మురికి ఎక్కడికి పోతోందో తెలుసుకోవద్దా?

హైదరాబాదు చెత్త రెండు దశాబ్దాలకు పైగా జవహర్‌నగర్ చేరుతోంది. కోటి టన్నులకు పైగా పాత చెత్త అక్కడ గుట్టలైంది. ఆ గుట్టల మీద పొరలు వేసి కప్పారు. 2020లో చెత్తను కాల్చి కరెంటు తీసే కర్మాగారం కూడా మొదలైంది. కానీ అప్పటికే గుట్టల్లోంచి ఊరిన నల్లటి నీరు దగ్గరి మల్కారం చెరువును పాడుచేసింది.

కారణం మన వంటింట్లోనే ఉంది. మిగిలిన అన్నం, బొమికలు, తొక్కలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేస్తాం. గుట్ట అడుగున గాలి తగలక అవి కుళ్ళి మీథేన్ వాయువు పుడుతుంది. అది అంటుకుంటే గుట్టే మండుతుంది. వాన పడితే విషపు నీరు దిగుతుంది. తడి చెత్త కలిస్తే కర్మాగారంలో కూడా సరిగ్గా మండదు. ఢిల్లీలోని ఘాజీపూర్‌లో 2017 సెప్టెంబరులో చెత్తకొండ విరిగిపడి ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మార్గం లేకపోలేదు. ఇందోర్ నగరంలో ముందు ఇంటింటా తడి, పొడి చెత్త వేరుగా తీసుకోవడం అలవాటు చేశారు. తర్వాత 2018లో పాత గుట్టను యంత్రాలతో జల్లెడ పట్టి మట్టి, ప్లాస్టిక్, రాళ్ళు విడదీసి నేల ఖాళీ చేశారు. ఇంట్లో వేరుచేయకపోతే పాత గుట్ట తవ్వినా పక్కనే కొత్త గుట్ట లేస్తుంది.

"అది మున్సిపాలిటీ పని కదా, మాస్టర్‌సాబ్?" అంటారు. నిజమే. పన్ను కడుతున్నాం, అడగాలి. మనం వేరుచేసి ఇచ్చినదాన్ని బండిలో మళ్ళీ కలిపేస్తే నిలదీయాలి. కానీ అడిగే నోరు రావాలంటే ముందు మన చేతులు ఆ పని చేయాలి.

మన దావత్‌ల సంగతి చూడండి. ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్ పరిచి, తినడం అయ్యాక బిర్యానీ, బొమికలు, గ్లాసులు అన్నీ కలిపి చుట్టచుట్టి పారేస్తున్నాం. ఇటు ఇస్రాఫ్, అటు కాలుష్యం! కడిగి వాడుకునే దస్తర్‌ఖాన్‌లు, స్టీలు గ్లాసులు సంఘం కొని ఉంచితే పేదింటి నికాహ్‌కు కూడా అక్కరకొస్తాయి. బక్రీదు నాడు వ్యర్థాలను వీధి మూలన వేయకుండా, మున్సిపాలిటీ బండికే అందించే బాధ్యత ప్రతి బస్తీలో ఇద్దరు యువకులు తీసుకోవాలి. పగిలిన గాజు, సూదులు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. ఆ గుట్టల మీద ఏరుకునే చేతులు కూడా ఒక తల్లి బిడ్డలవే.

దారికి అడ్డుగా ఉన్న హాని కలిగించే వస్తువును తొలగించడం కూడా ఈమాన్‌లో ఒక శాఖ అని హదీసు మనకు నేర్పింది. అలాంటప్పుడు మనమే ఒకరి దారిలో హాని వేయవచ్చునా?

రేపటి నుంచి ఇంటికి రెండు బుట్టలు పెడదాం. వచ్చే వార్షిక సభలో ఎన్ని ఇళ్ళు పెట్టాయో లెక్క చెప్పుకుందాం. అల్లాహ్ మనందరికీ తౌఫీక్ ప్రసాదించుగాక! ఖుదా హాఫిజ్.