రెండు ఊళ్ల నడుమ తల్లి ఆరోగ్యం

(ఆరణిలో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఆరణి అనగానే బయటివాళ్లు పట్టుచీరల ఆరణి అనుకుంటారు. అది తిరువణ్ణామలై జిల్లాలో ఉంది. మనది పిచ్చాటూరు నుంచి వచ్చే ఆరణియారు ఒడ్డున, పెరియపాళెం పక్కనున్న ఆరణి. ఇక్కడ వరినాట్లు వేసేది మనవాళ్లే, మద్రాసులో వ్యాసర్పాడి, పుళియంతోపు పేటల్లో కాపురం చేసేదీ మనవాళ్లే. బిన్నీ వారి బీ అండ్ సీ మిల్లు 1996లో మూతపడింది గాని ఆ పేటలు ఖాళీ కాలేదు.

జీతం, బోనస్ మాట్లాడాల్సిన యూనియన్‌కు కాన్పుల గొడవ ఎందుకని కొందరు అడుగుతున్నారు. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు కార్మికులు చెప్పుకున్న మొదటి బాధల్లో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినడానికి టైము చాలడం లేదని. అది కడుపు సంగతి, ఒంటి సంగతి. ఇదీ అంతే.

మన ఆచారం ప్రకారం మొదటి కాన్పు పుట్టింట్లో. అమ్మాయి పేటలో మూడో నెలలో చూపించుకుంటుంది, రక్తపరీక్ష అవుతుంది, కార్డు ఇస్తారు. తర్వాత సీమంతం చేసి ఊరికి తీసుకొస్తారు. చీరలొస్తాయి, గాజులొస్తాయి, కార్డు మాత్రం పేటలోనే పెట్టెలో ఉండిపోతుంది. ఇక్కడి నర్సమ్మకు ఆమె రక్తం ఎంతుందో, బీపీ ఎంతుందో తెలియదు. కొన్నిచోట్ల "మీ పేరు ఇక్కడ లేదు" అని తిప్పి పంపుతారు కూడా.

రెండు చోట్లా జబ్బు వేరువేరు దారుల్లో వస్తుంది. పొలంలో చెప్పులు లేకుండా తడిమట్టిలో నిలబడితే కొంకిపురుగు పాదం గుండా ఒంట్లోకి ఎక్కి పేగుల్లో రక్తం పీలుస్తుంది. పేటలో అయితే మరుగుదొడ్డికి వెళ్లడానికి సిగ్గుపడి, భయపడి, ఆడవాళ్లు పగలంతా నీళ్లు తాగరు. దాంతో మూత్రంలో చీము పడుతుంది, అది ముదిరితే నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది. అక్కడా ఇక్కడా తిరిగే అమ్మాయికి రెండు ముప్పులూ ఉంటాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తం తక్కువని లెక్క, 7 కంటే తగ్గితే ప్రాణాపాయం. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాటిని టీతో, కాఫీతో మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతో మింగండి. విరేచనం నల్లగా అవుతుందని భయపడి మానేస్తున్నారు. అది మాత్ర రంగు, భయం లేదు. ఈ మాట అత్తగార్లకు మరీ చెబుతున్నాను!

ఇక డబ్బు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరు మీదున్న ప్రసూతి సహాయం 2006లో 6,000 రూపాయలు, 2018లో 18,000 అయింది. అందులో 14,000 నగదు, మిగతాది పోషకాహారం పెట్టెలు. తల్లికి 19 ఏళ్లు నిండాలి, మొదటి రెండు కాన్పులకే ఇస్తారు, 12 వారాల లోపు పేరు రాయించాలి. ఆ 12 వారాల దగ్గరే మనవాళ్లు పోగొట్టుకుంటున్నారు. ఊరికి వెళ్లాక రాయిద్దాంలే అని ఊరుకుంటే గడువు దాటిపోతుంది. ఎక్కడుంటే అక్కడే వెంటనే రాయించండి. అప్పుడు 12 అంకెల నంబరు ఇస్తారు. బిడ్డ జనన పత్రానికీ ఆ నంబరు అడుగుతారు.

మిల్లులో పనిచేసే చెల్లెళ్లకు వేరే హక్కుంది. ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది, మొదటి ఇద్దరు బిడ్డలకు. ఈఎస్ఐ ఉన్నవారికి ఆ జీతం ఈఎస్ఐ ఇస్తుంది, యాజమాన్యం జేబులోంచి పోదు. అయినా కడుపుతో ఉందని తెలియగానే "రేపటి నుంచి రావద్దు" అనే సూపర్‌వైజర్లు ఉన్నారు. అలా అన్న రోజే, తేదీతో సహా, మాకు చెప్పండి. నెల తర్వాత చెబితే రుజువు దొరకదు.

తిరుత్తణి వైపు 1960లో సరిహద్దు మారింది, ఇళ్లలో తెలుగు మారలేదు. కార్డు తమిళంలో ఉంటుంది, చదవలేని తల్లులున్నారు. అందుకని యూనియన్ ఆఫీసులో ఆదివారం పొద్దున ఇద్దరిని కూర్చోబెడుతున్నాం. కార్డు తెస్తే చదివి చెబుతారు, నంబరు రిజిస్టరులో రాసుకుంటారు. పుట్టింటికి బయలుదేరే ముందు ఒకసారి రండి. కార్డుతో పాటు ఆధార్, బ్యాంకు పుస్తకం తేవాలి. మగవాళ్లు తెచ్చినా సరే, రాసుకుంటాం.