చాంగ్షా పెళ్లి మేనా

1919 నవంబరు 14న చైనాలోని చాంగ్షా నగరంలో ఒక పెళ్లి మేనా వరుడి ఇంటికి బయల్దేరింది. అందులో ఉన్న పెళ్లికూతురు జావ్ వూజెన్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. పెద్దలు కుదిర్చిన సంబంధం ఆమెకు ఇష్టం లేదు. వద్దని మొరపెట్టుకున్నా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు. చుట్టూ మూసి ఉన్న ఆ మేనాలోనే, ముందుగా దాచి తెచ్చుకున్న కత్తితో ఆమె ప్రాణం తీసుకుంది.

అప్పటి చైనాలో తల్లిదండ్రుల ఆజ్ఞ, మధ్యవర్తి మాట ఉంటే పెళ్లి ఖాయమైనట్టే. వధువు అంగీకారం ఎవరికీ పట్టేది కాదు. చాలామంది ఆడపిల్లలు పెళ్లయ్యాకే భర్త ముఖం చూసేవారు.

చాంగ్షా పత్రిక 'దాగుంగ్‌బావ్' ఈ మరణాన్ని చర్చకు పెట్టింది. 25 ఏళ్ల మావో జెడాంగ్ దానిపై రెండు వారాల్లోపే దాదాపు తొమ్మిది వ్యాసాలు రాశాడు. అతనికీ కుర్రతనంలో తండ్రి ఇలాగే పెళ్లి చేశాడు, అతను ఆ కాపురాన్ని ఒప్పుకోలేదు. సమాజం, పుట్టిల్లు, అత్తిల్లు మూడూ ఇనుప వలల్లా జావ్‌ను బిగించాయన్నది అతని వాదన. అయితే చావు దారి కాదని, బతికి పోరాడాలని కూడా రాశాడు. తప్పు ఆ పిల్లది కాదని అచ్చులో చెప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

చివరికి చైనాలో బలవంతపు పెళ్లిళ్లను నిషేధించి, ఇద్దరి అంగీకారాన్ని తప్పనిసరి చేసిన వివాహ చట్టం 1950 మే 1న అమల్లోకి వచ్చింది.