ఆ అరగంట ఎవరిది?



పిల్లలకు పాత దూరదర్శన్ సీరియళ్ళు చూపించమని చాలామంది అంటున్నారు. పాతవన్నీ మంచివి కావు, ఏరుకోవాలి. నేను మనవలకు ఏరినవి రెండు. 1985 నాటి 'రజని'లో ప్రియా తెందూల్కర్ వేసిన గృహిణి అన్యాయం కనబడితే నిలదీస్తుంది. 1989లో వచ్చిన 'ఉడాన్'ను కవితా చౌదరి తానే రాసి, తీసి, నటించింది. ఆమె అక్క కంచన్ చౌదరి భట్టాచార్య పోలీసు అధికారి అయిన తీరే ఆ కథకు ఆధారం. ఆవిడ 2004లో నేటి ఉత్తరాఖండ్‌కు డీజీపీ అయ్యారు. దేశంలో ఆ పదవికెక్కిన తొలి మహిళ ఆవిడే. హిందీ అందనిచోట ఆపి, పిల్లలకు తెలుగులో చెబుతాను.

అయితే చూసేదెవరు? మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మిరపకోతలకు, పత్తితీతలకు తల్లులు చేలోకి పోతే ఇంటిపని ఆడపిల్ల మీద పడుతుంది. అన్న టీవీ ముందు కూర్చుంటాడు. చెల్లెలు అంట్లు తోముతూ మాటలు మాత్రం వింటుంది. ఆడది అధికారి అయిన కథ కూడా ఆ ఇంట్లో మగపిల్లాడి కాలక్షేపమే అవుతుంది.

మా ఇంట్లో అంట్లు ఇద్దరూ తోమాకే టీవీ. ముందు ఆడపిల్లకు ఆ అరగంట ఇప్పిద్దాం. సీరియల్ ఆ తర్వాత ఏరుకుందాం.